తడి ఆరకముందు

లీడ్స్‌లో ఉద్యోగాల ట్రిబ్యునల్, మూడో అంతస్తు.
హీటరు మీద ఎవరిదో గొడుగు ఆరుతోంది.
నా పని చిన్నది:
ఆ నోట్లోంచి ఈ చెవిలోకి మాట మోయడం,
దారిలో ఒలక్కుండా.

"షీ స్నక్ ఇన్," అన్నాడు షిఫ్టు మేనేజరు హోల్‌రాయిడ్.
రాత్రి రెండూ పదికి, సామాన్ల గదిలోకి,
యేసురత్నం.
తెల్లారి లెక్కలో రెండు హెడ్‌ఫోన్ పెట్టెలు తగ్గాయి.

మాకు రెండు సెకన్లు ఇస్తారు.
దొంగచాటుగా అందామంటే
గడపలోనే దొంగ నిలబడి ఉన్నాడు,
తీర్పు ఇంకా టైపు కూడా కాలేదు.
నక్కి నక్కి అందామంటే
మాట వెనకాల నక్క తోక కదులుతోంది.
పిల్లిలా? పాలు పోయాయని ఒప్పేసుకున్నట్టు.
చప్పుడు చెయ్యకుండా అంటే మరీ మెత్తన,
చంటిదాన్ని పడుకోబెట్టిన తల్లి కూడా అలానే వెళ్తుంది.
హోల్‌రాయిడ్ ఉద్దేశం అది కాదు.

ఈలోపు జడ్జిగారు కళ్ళజోడు పైకి తోసి
"స్నీక్డ్," అన్నారు. "రికార్డులో స్నీక్డ్ అని ఉండాలి.
స్నక్ అమెరికా వాళ్ళది."
గుమాస్తా చెరిపి రాశాడు. ఎవరో నవ్వారు.
ఒక నిమిషం పాటు ఆ గదిలో
నేరమంతా క్రియాపదానిదే.

"ఏంటండీ అంటన్నారు?" మోచేత్తో పొడిచింది యేసురత్నం.
"నువ్వు వెళ్ళిన సంగతే.
ఆ వెళ్ళడాన్ని ఎలా రాయాలా అని."
"ఎళ్ళింది అని రాసుకోమనండి," అంది.

టీ విరామంలో నిఘంటువు తిప్పాను.
ఇక్కడి బడిపిల్లల్లో అదే మాటకి ఇంకో అర్థం ఉందట:
టీచరుకి చాడీలు మోసేవాడు.
వెళ్ళినదానికీ, వెళ్ళిందని చెప్పినవాడికీ
ఒక్క మాటే సరిపోయింది.
నవ్వబోయి ఆగాను.
మోసేవాడు. ఆ లెక్కలో నేనూ ఉన్నాను.
మన మాటలు మాత్రం తక్కువ తిన్నాయా?
చాటు అంటే దాగే చోటు,
చాటడం అంటే ఊరంతా డప్పు వేసి చెప్పడం.
అటు హోల్‌రాయిడ్ బిస్కెట్టు టీలో ముంచాడు.
సగం విరిగి కప్పులో పడిపోయింది,
చెంచాతో వెతుక్కున్నాడు పాపం.

మధ్యాహ్నం ఆమె వంతు.
కెమెరాలో కనబడుతోంది కదా, అన్నాడు కంపెనీ లాయరు,
బూట్లు చేత్తో పట్టుకుని. ఎందుకలా?

యేసురత్నం అతన్నీ చూడలేదు, నన్నూ చూడలేదు.
కార్పెట్ వైపు చూసి చెప్పింది:
"అప్పుడే తడిగుడ్డ పెట్టేనండి.
ఆ నడవంతా తుడిసింది నేనే, ఇంకా ఆర్లేదు.
బకెట్టు లోపల మర్చిపోయేను.
బూట్లతో తొక్కితే మళ్ళీ తుడవాల్సింది నేనే గదండీ.
అందుకని మునివేళ్ళ మీద ఎళ్ళేను."

మునివేళ్ళ మీద.
తెలుగులో ఎంత కడిగిన మాట అది!
తడి ముగ్గు దాటేవాళ్ళు,
పడుకున్నవాళ్ళ కాళ్ళు దాటేవాళ్ళు,
అటక మీది జాడీ అందక నిక్కేవాళ్ళు
అందరూ మునివేళ్ళ మీదే.
ఇంగ్లీషులో టిప్‌టోడ్ అన్నామా,
వేళ్ళ కింద చీకటి చేరుతుంది.
వెళ్ళి స్నీక్డ్ పక్కన
కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.

రెండు సెకన్లు అయిపోయాయి. మూడోది కూడా.
జడ్జిగారు పెన్ను ఎత్తి పట్టుకున్నారు.

"మడమలు ఆనించకుండా నడిచాను, నేల తడిగా ఉందని," అన్నాను
ఆమె గొంతుతో, వాళ్ళ భాషలో.
తడి అన్నచోట కొంచెం గట్టిగా.
అలా గట్టిగా అనొచ్చో లేదో
మా నియమాల పుస్తకంలో ఏ పేజీలో ఉందో నాకు తెలీదు.
ఆయన రాసుకున్నారు.
ఎంత రాసుకున్నారో ఇక్కణ్ణుంచి కనబడలేదు.

తీర్పు దాకా మమ్మల్ని ఉంచరు.
నాలుగుంబావుకి కాగితం నింపి ఇచ్చాను.
భాష తెలుగు, గంటలు అయిదు, బస్సు టిక్కెట్టు జతచేశాను.
యేసురత్నం బయట బెంచీ మీద
బూటు లేసు విప్పి మళ్ళీ కడుతోంది.

లిఫ్టు దగ్గర ఎవరో అప్పుడే నేల తుడిచినట్టున్నారు,
పసుపుపచ్చ బోర్డు నిలబెట్టి ఉంది.
గోడవారగా నడిచాను.
వెనక్కి తిరిగి చూస్తే
నా అడుగులన్నీ ఉన్నాయి.